ఎవరు మిస్ అవుతున్నారు?

నానక్‌రామ్‌గూడలో నా ఉద్యోగం 'రిటెన్షన్'. అంటే వచ్చిన యూజర్ వెళ్లిపోకుండా చూడటం. ఏడు రోజులు యాప్ తెరవనివాళ్లకి "మిమ్మల్ని మిస్ అవుతున్నాం" అని మెసేజ్ వెళ్తుంది. ఆ వాక్యం రాసింది నేనే.

మొన్న అమ్మ ఫోన్ చేసింది. "ఎవరో నన్ను మిస్ అవుతున్నామని పెట్టార్రా. ఎవరు వాళ్లు?"

"మా యాప్ లేమ్మా" అన్నాను. "అయ్యో పాపం" అని వెంటనే తెరిచి చూసిందట. మా డాష్‌బోర్డ్‌లో ఆ 'పాపం' పేరు రిటర్నింగ్ యూజర్.

2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లని నిషేధించింది. లేని తొందర పుట్టించడం, వద్దన్నవాళ్లని సిగ్గుపడేలా చేయడం, సబ్‌స్క్రిప్షన్‌లోంచి బయటపడనివ్వకపోవడం లాంటివి. ఆ జాబితాలో నా వాక్యం నాకు కనిపించలేదు. అంతమాత్రాన అది తప్పు కాకుండా పోతుందా?

ఆఫీసు కింద టీ కొట్టాయన నేను వారం కనపడకపోతే "ఏం సార్, ఒంట్లో బాలేదా?" అంటాడు. ఆయనకీ నా డబ్బులు కావాలి. కానీ నేనెందుకు రాలేదా అనుకోవడానికి అక్కడో మనిషున్నాడు. మా మెసేజ్ వెనక ఉన్నది టైమర్. టైమర్ అబద్ధమాడదు. దాని చేత ఆడించింది నేను.

తిరిగి రావడాన్నే మేం లాయల్టీ అని లెక్కేస్తాం. జాలితో వచ్చారా, ఇష్టంతో వచ్చారా అన్నది లెక్కలోకి రాదు.

ఆ వాక్యం తీసేద్దామన్నాను. ఏ/బీ టెస్ట్ చేద్దామన్నారు. ఏది గెలుస్తుందో నాకు తెలుసు. ఓడిపోయేదాన్నే ఉంచమని వాదించడానికి నా దగ్గర నంబరేమీ లేదు, అమ్మ అన్న 'పాపం' తప్ప.