కంప్యూటరు చొరబాటు ఉగ్రవాదమగునా?

తప్పునకు తగిన పేరు పెట్టుట న్యాయమునకు మొదటి మెట్టు. దొంగను హంతకుడని పిలిచినచో దొంగకు అన్యాయము జరుగుటయే కాదు, హంతకుని పాపము కూడ తేలికపడును. ఈ విచారణ నేడు ఒక క్రొత్త విషయమున అవసరమైనది. ప్రభుత్వమును, పెద్ద సంస్థలను నిరసించు బృందములు కొన్ని వాటి కంప్యూటర్లలో అనుమతి లేక చొరబడుచున్నవి, వెబ్‌సైట్లను నిలిపివేయుచున్నవి, దాచిన పత్రములను బయటపెట్టుచున్నవి. దీనిని హ్యాకింగ్ అందురు. ఇట్టి పని చేసినవారిని ఉగ్రవాదులనుట ధర్మమా?

మన దేశమున సమాచార సాంకేతిక చట్టము 2000లో వచ్చినది. 2008లో దానిని సవరించి 66-ఎఫ్ అను సెక్షను చేర్చిరి; అది 2009 అక్టోబరు 27న అమలునకు వచ్చినది. దేశ సమగ్రతకు, భద్రతకు ముప్పు తెచ్చుటకో ప్రజలలో భీతి పుట్టించుటకో కంప్యూటర్లపై దాడి చేసి, ప్రాణహానికి, ఆస్తినష్టమునకు, జీవితావసర సేవల అంతరాయమునకు కారకులైనవారికి యావజ్జీవ కారాగారము వరకు శిక్ష కలదు. ఇంతవరకు చట్టము సబబుగనే యున్నది. కాని అదే సెక్షను రెండవ భాగమున, నిషిద్ధ సమాచారమును అక్రమముగా పొందినవారి విషయమై చెప్పుచు, మర్యాద, నీతి, కోర్టు ధిక్కారము, పరువునష్టము అను మాటలను కూడ చేర్చిరి. సాధారణమైన చొరబాటుకు 66వ సెక్షను క్రింద శిక్ష మూడేండ్లకు మించదు. మూడేండ్లకును యావజ్జీవమునకును నడుమగల దూరమంతయు ఒక్క పేరుపై ఆధారపడియున్నది. కనుకనే ఆ పేరు పెట్టుటలో తొందరపాటు పనికిరాదు.

ఉగ్రవాదమన నేమో ఈ ప్రాంతమువారికి పుస్తకములు చెప్పనక్కరలేదు. 2007 ఆగస్టు 25 సాయంకాలమున హైదరాబాదు గోకుల్ చాట్‌లోను, లుంబినీ పార్కులోను బాంబులు ప్రేలి 42 మంది మరణించిరి. 2015 ఏప్రిల్‌లో, నాడు నల్లగొండ జిల్లాలోనే యుండిన సూర్యాపేట బస్సు స్టేషనులో దుండగులు కాల్పులు జరిపి ఇద్దరు పోలీసు సిబ్బందిని బలిగొనిరి. చిరుతిండికి పోయినవారు, పార్కులో కూర్చున్నవారు ఎవరికేమి అపకారము చేసిరి? ఏ సంబంధమును లేనివారిని చంపి, బ్రతికియున్నవారందరి గుండెలలో భయము నిలుపుట ఉగ్రవాద లక్షణము. అచట గురి చనిపోయినవాడు మాత్రమే కాదు. మరునాడు బిడ్డను బడికి పంపుటకు జంకు తల్లి కూడ గురియే.

దీనిని మరియొక ఘటనతో పోల్చి చూడవలెను. 2012లో, మన దేశమున కొన్ని వెబ్‌సైట్లను అడ్డగించుటకు నిరసనగా 'అనానిమస్' అను బృందము సుప్రీంకోర్టు వెబ్‌సైటును, కాంగ్రెసు పార్టీ వెబ్‌సైటును కొంతసేపు పనిచేయకుండ చేసినది. వారి ఉపాయము సులభమైనది. ఒక కంప్యూటరు మోయగలిగినదానికంటె మిక్కిలి ఎక్కువ విన్నపములను ఒక్కమారుగ దానిపైకి పంపుదురు. అది తట్టుకొనలేక నిలిచిపోవును. పనులకు ఆటంకము కలిగినమాట నిజము. అది చట్టవిరుద్ధమనుటయు నిజము. కాని దానివలన ఏ తల్లియు బిడ్డను ఇంట దాచుకొనలేదు.

వ్యవస్థ మోయలేనంత భారము దానిపై మోపి తమ గోడు వినిపించుట నల్లగొండవారికి వింత కాదు. ఫ్లోరైడు నీరు త్రాగి ఎముకలు వంగిన పల్లెల బాధ ఎంతకాలమునకును తీరకపోగా, 1996 లోక్‌సభ ఎన్నికలలో జలసాధన సమితి పిలుపుపై జనులు వందలుగా నామినేషన్లు వేసిరి. నల్లగొండ స్థానమునకు 480 మంది అభ్యర్థులు నిలిచిరి. ఓటుపత్రము పుస్తకమంత ఆయెను. ఎన్నికల యంత్రాంగము తలక్రిందులైనది; దేశమంతయు ఫ్లోరైడు మాట విన్నది. ఆ రైతులను, ఆ రోగులను ఎవ్వరును ఉగ్రవాదులనలేదు. ప్రభుత్వము అదే సంవత్సరము చట్టమును సవరించి లోక్‌సభ అభ్యర్థి ధరావతును 500 రూపాయలనుండి 10,000 రూపాయలకు పెంచినది. నిబంధన మార్చినదే గాని, నిలిచినవారి నుదుట ముద్ర వేయలేదు. 

అయితే ఈ రెండు పనులును సమానమని చెప్పరాదు. నల్లగొండవారు చేసినది చట్టమునకు లోబడిన పని. అంతకంటె ముఖ్యముగా, 480 మందియు ఓటుపత్రముపై తమ పేర్లు వ్రాయించుకొని నిలిచిరి. 'అనానిమస్' అనగా పేరు లేనివారు. శరణుల సంప్రదాయమున ప్రతి వచనమునకు అంకితము కలదు. కూడలసంగమదేవ అనిన బసవన్న, గుహేశ్వర అనిన అల్లమప్రభువు, చెన్నమల్లికార్జున అనిన అక్కమహాదేవి గుర్తునకు వత్తురు. అంకితము దైవము పేరే గాని, అది పలికినవానిని పట్టి యిచ్చును. మాటకు బాధ్యుని నిలుపును. రాజును, పురోహితుని విమర్శించిన వచనములు కూడ ముసుగు వేసికొని రాలేదు.

హైదరాబాదునకు చెందిన వేమూరి హరిప్రసాద్ ఉదంతము ఇచట స్మరింపదగినది. ఆయన ఇద్దరు విదేశీయ నిపుణులతో కలసి, ఓటింగు యంత్రమును మార్చి ఫలితమును తారుమారు చేయవచ్చునని 2010లో ప్రదర్శించి చూపెను. తగిన రక్షణ పద్ధతులు ఉన్నందున యంత్రములు సురక్షితములని ఎన్నికల సంఘము వాదించినది. పరీక్షించిన యంత్రము దొంగిలింపబడినదను కేసులో ఆగస్టు 21న మహారాష్ట్ర పోలీసులు ఆయనను నిర్బంధించిరి. యంత్రము ఇచ్చినవారి పేరు ఆయన చెప్పలేదు. తన పేరు మాత్రము దాచలేదు. వారము తరువాత బెయిలు లభించినది. ఓటు వేసినవానికి కాగితపు రుజువు కనబడు ఏర్పాటును దశలవారీగ చేయవలెనని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించినది. ఆయన వాదముతో ఏకీభవింపనివారు పలువురు కలరు. ఏకీభవింపకపోయినను, తలుపు గడియ వదులుగ నున్నదని ఇంటివానికి పేరు చెప్పి చూపినవాడును, చీకటిలో గడియ విరిచినవాడును ఒకటి కారని ఒప్పుకొనక తప్పదు.

బసవన్న ధర్మమునకు దయను మూలముగ నిలిపెను. కల్యాణ పట్టణమున శరణులు జాతికట్టును దాటి, హరళయ్య కుమారునకు మధువరసు కుమార్తె నిచ్చి వివాహము చేసిరని పరంపర చెప్పును. నాటి ఆచారమునకు అంతకంటె పెద్ద అతిక్రమణ లేదు. అది బహిరంగముగ జరిగినది. ఎవరి ప్రాణమును తీయలేదు. దాని ఫలమును చేసినవారే అనుభవించిరి. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున జగదేవుడు బిజ్జలుని వధించు కథయు కలదు. భక్తులకు జరిగిన హింసకు అది ప్రతీకారముగ వర్ణింపబడినది. వీరశైవులు ఈ రెంటిని ఎదుట పెట్టుకొని చూడవలసినదే. రెండవదానిని దాచుట తగదు. కాని ఎనిమిది వందల యేండ్ల తరువాత కూడ లోకము కల్యాణమును తలచునది ఆ వివాహమువలననే గాని ఆ కత్తివలన కాదు. ఆచారమును మీరుట ఒకటి, ప్రాణము తీయుట మరియొకటి. ఈ భేదము తమ చరిత్రలోనే కల సమాజము కంప్యూటరు విషయమున దానిని మరువరాదు.

ఇట్లని చొరబాటునకు ఎల్ల లేదనరాదు. శ్రీశైలము జలాశయమునుండి కల్వకుర్తి ఎత్తిపోతల పంపులు పాలమూరునకు నీరు తోడుచున్నవి. ఫ్లోరైడు పల్లెలకు మిషన్ భగీరథ గొట్టములలో కృష్ణాజలము వచ్చుచున్నది. ఆస్పత్రులలో ప్రాణవాయువును కొలుచునదియు యంత్రమే. ఎంతటి న్యాయమైన కోరికకైనను ఇట్టి యంత్రములను ఎవరైన నిలిపివేసినచో, దప్పిగొన్నవానికిని రోగికిని బాంబునకు దీనికి భేదమేమి? తుపాకి పట్టలేదు గనుక ఉగ్రవాది కాడనుట అప్పుడు చెల్లదు. అట్లే, అక్రమమును బయటపెట్టు నెపమున వేలమంది సామాన్యుల రోగముల వివరములు, బ్యాంకు ఖాతాలు వీధిలో పరచుట కూడ దయలేని పని. అది ఉగ్రవాదము కాకపోవచ్చును గాని గట్టి నేరమే.

కనుక కొలమానము కంప్యూటరు కాదు, ఉద్యమము పేరు కాదు, పాలకునికి కలిగిన కోపమును కాదు. ప్రాణమునకు ముప్పు కలిగెనా? దుర్బలుని హృదయమున భయము నింపుటకే ఆ పని జరిగెనా? ఈ రెంటికిని కాదని సమాధానము వచ్చినచోట అది చొరబాటే. దానికి తగిన శిక్ష చట్టమున వేరుగ నున్నది. అవునని వచ్చినచోట చేసినవారు ఎంత గొప్ప ఆశయము చెప్పినను దానిని ఉగ్రవాదమనియే పిలువవలెను.

నేడు లింగాయతుల ఇండ్లలో పిల్లలు కంప్యూటరు విద్య నేర్చి హైదరాబాదు చేరి, అదియే కాయకముగ బ్రతుకుచున్నారు. ఇతరుల తాళపుచెవులు వారి చేతులలో నుండును. పెద్దలును మఠములును వారికి చెప్పవలసినది ఒక్కటే: అన్యాయము కనబడినచో మౌనము వహింపకుడు; మీరు చేయు పనికి మీ పేరు పెట్టగలరా, దానివలన నిరపరాధి కంట నీరు రాకుండునా అని ముందు యోచింపుడు. ఈ రెండు ప్రశ్నలకును నిలువలేని పని కాయకము కాజాలదు.