యాత్రికుని విస్తరి

శివశరణులారా! కరస్థలమున ఇష్టలింగమును పూజించువాడు, వక్షమున దానిని ధరించువాడు, దేవుని వెదకుచు వందల కిలోమీటర్లు నడువవలసిన పని యేమి? నిలిచియుండు గుడికంటె నడయాడు జంగమము మిన్నయని బసవేశ్వరుడు బోధించెను గదా! శివరాత్రి సమీపించినప్పుడెల్ల ఈ ప్రశ్న వినవచ్చుచునే యుండును. నడచువారును నడచుచునే యుందురు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున పర్వతప్రకరణమని ఒక ప్రకరణమునే శ్రీశైలమునకు సమర్పించెను. అక్కమహాదేవి కల్యాణమునుండి ఆ కొండకు తరలివచ్చి కదళీవనమున లింగైక్యము నొందెను. కావున నడక తప్పుకాదు. నడచువాడు త్రోవలో నేమి నేర్చుచున్నాడనునదియే విచారింపదగినది.

నెల్లూరు సముద్రతీరమున మైపాడు ఇసుకమీదనుండి బయలుదేరిన వానికి మొదటి మల్లికార్జునుడు పెన్న యొడ్డుననే, జొన్నవాడలో, కామాక్షితాయితో గూడి దర్శనమిచ్చును. అచటినుండి మెట్టసీమ. వరిచేలు వెనుకబడును, కాలువల చల్లదనము తగ్గును, ఎఱ్ఱనేల కాళ్లకు తగులును. శ్రీశైలమునకు తూర్పు ద్వారమని పేరుగన్న త్రిపురాంతకము చూడగోరువారు అటు తిరుగుదురు. తక్కినవారు పొదిలి, మార్కాపురముల మీదుగా దోర్నాల చేరుదురు. దోర్నాల దాటినంతనే నల్లమల. అచటినుండి కొండమీదికి సుమారు 50 కిలోమీటర్లు అడవియే.

ఈ దారి పొడవునను యాత్రికునికి ఆకలి యన నేమో తెలియును, అన్నమన నేమో అంతకంటె బాగుగా తెలియును. ఎండలో నడచి వచ్చినవానికి ఎవరో ముక్కు మొగము తెలియని తల్లి చెంబెడు మజ్జిగ పోయును. ఉప్పు, అల్లము, కరివేపాకు వేసిన ఆ మజ్జిగ రుచి ఇంట దొరకదు. సాయంకాలమున బడి వసారాలోనో, గుడి మంటపముననో చాప పఱచుకొనిన పిమ్మట వేడి అన్నము, గోంగూర పచ్చడి, పప్పుచారు విస్తరిలో పడును. అన్నియు కలుపుకొని కడుపార తిని, కాళ్లకు నూనె రాచుకొని పండుకొనిన వాని సుఖము పట్టుపరుపుమీది వానికి లేదు.

యాత్రకు పోవువాడు రుచులెంచరాదనియు, తిండిలో సుఖపడుట దోషమనియు కొందఱందురు. ఇది వీరశైవమతము గాదు. షట్స్థలములలో భక్త, మాహేశ్వర స్థలములకు పిమ్మట వచ్చునది ప్రసాదిస్థలము. విస్తరిలో పడినది పదార్థము. లింగమునకు అర్పించినంతనే అది ప్రసాదము. పులుపైనను, తీపియైనను రుచి ముందు లింగమునకు చేరును, పిదప భక్తునిది. ప్రసాదమును ముఖము చిట్లించి తినుటయే అపచారము. పళ్లెము కడిగిన నీటిని సైతము పాఱబోయక త్రాగు సంప్రదాయము మన పెద్దలది. నేడు అన్నదానపు పందిళ్ల వెనుక సగము తిని పాఱవేసిన విస్తళ్లను చూచిన ఆ పెద్దలేమందురో!

తినుట దోషము గాకున్నను కూడబెట్టుట దోషమే. ఆయ్దక్కి మారయ్య కల్యాణమున బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపుగింజలు ఏరి తెచ్చెడివాడు. అదియే ఆయన కాయకము. ఇల్లాలు లక్కమ్మ ఆ బియ్యము వండి జంగములకు దాసోహము చేసెడిది. ఒకనాడు మారయ్య నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఈ యాశ మనకేల, అధికమైన దానిని ఉన్నచోటనే పోసి రమ్మని భర్తను మరల పంపెను. పేదయింటి యిల్లాలు చేసిన తీర్పది. పందిటిలో కడుపునిండ తిని, రేపటికని నాలుగు పొట్లములు సంచిలో దాచుకొను యాత్రికుడు తన వెనుక వచ్చువాని విస్తరిని ఖాళీ చేయుచున్నాడు.

వడ్డించువానికిని నియమము కలదు. దానమునందు ఇచ్చువాడు పైన, పుచ్చుకొనువాడు క్రింద. దాసోహమునందు వడ్డించువాడే దాసుడు. పందిటికి కట్టిన గుడ్డపై తన పేరును, తండ్రి పేరును పెద్ద యక్షరములతో వ్రాయించుకొని, మైకులో పదిమార్లు చెప్పించుకొనువాడు పెట్టునది అన్నమే, ఆకలియు తీరును, కాని దానికి దాసోహమను పేరు తగదు.

పూర్వము ఈ తీరమున బాటసారులకు సత్రములే గతి. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నమునుండి కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరులో నెల్లూరు మీదుగా తిరిగి వచ్చి, ఏ మజిలీలో సత్రము కలదో, ఎచట వస్తువులు దొరకునో శ్రద్ధగా వ్రాసి యుంచెను. మేలైన గ్రంథమది. అయితే ఆయన పల్లకిలో పోయెను. నిజముగా నడచినవారు పల్లకి మోసిన బోయీలు. వారి విస్తళ్లు ఎచట పడెనని అడుగుట శరణుల ధర్మము.

నేటికిని ఆ ప్రశ్న తీరలేదు. శ్రీశైలమున ఆయా కులముల పేర సత్రములు వెలసియున్నవి. కట్టించినవారి భక్తిని శంకింపరాదు. కాని పది దినములు ఒకే చెంబుతో నీరు త్రాగి, ఒకని బొబ్బలకు మఱియొకడు కట్టుకట్టి, ఒకే బంతిని భుజించి వచ్చిన గుంపు, కొండ యెక్కినంతనే చీలిపోవుచున్నది. ఎవని మూట వానిది, ఎవని సత్రము వానిది. తీరమున వల లాగి బ్రదుకువాడు, తన కులము పేర గది లేనివాడు, దుప్పటి చంకబెట్టుకొని ఆరుబయలు వెదకుకొనును. దారిలో నిలిచిన బంతి మల్లికార్జునుని గుమ్మముననే తెగుచున్నది! మధువరసు కూతురును హరళయ్య కుమారునికిచ్చి పెండ్లి చేసినందులకు ఆ తండ్రులిద్దఱును కల్యాణమున ప్రాణములు కోల్పోయిరి. శరణులు చెల్లాచెదరైరి. అంతటి వెల యిచ్చినవారి వంశమని చెప్పుకొనువారి సత్రముననైనను, గది యడిగినవానిని ముందుగా కులమడుగుట మానవలదా?

రానున్న శివరాత్రికి శ్రీశైలమున సత్రములు నడపు వీరశైవ పెద్దలు ఈ విషయమును సభలో పెట్టి తేల్చవలెను. గదులు చాలవందురేమో. నడచి వచ్చినవానికి గది యక్కఱలేదు. వసారాలో చాప చాలును, బంతిలో విస్తరి చాలును.