ఇల్లు వదిలినవాళ్ళు, ఇల్లు దొరకనివాళ్ళు



మొన్న పౌర్ణమికి ఊరెళ్ళినప్పుడు మా అన్న కొడుకు సెల్‌ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. అమెరికాలో ఒక జంట. ఉన్న ఇల్లు అమ్మేసి, సరుకులు మోసే వ్యాన్ ఒకటి కొని, దాంట్లో మంచం, పొయ్యి, సింకు బిగించుకొని మూడేళ్ళుగా అందులోనే కాపురం ఉంటున్నారు. ఈరోజు కొండ పక్కన, రేపు సముద్రం ఒడ్డున. "అత్తా, ఇది కూడా పరివ్రాజక జీవితమే కదా? బుద్ధుడు కూడా ఇల్లు వదిలాడు కదా?" అన్నాడు. వాడికి వచ్చే నెల పెళ్ళి. ఇరవై ఏళ్ళ ఇంటి అప్పుకు సంతకం పెట్టాలా వద్దా అని నిద్ర పట్టక తిరుగుతున్నాడు.

పక్కనే చేటలో బియ్యం ఏరుతున్న మా అమ్మ తలెత్తకుండానే అంది: "ఇల్లున్నోళ్ళకే రా, ఇల్లొదిలే ముచ్చట."

మా అమ్మ పేరు మీద ఇంటి పట్టా రావడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. ఆమె మాట ఎక్కడ నుంచి వచ్చిందో నాకు తెలుసు. కానీ పిల్లాడి ప్రశ్న కూడా కొట్టిపారేసేది కాదు. ఇల్లు వదిలితే తృష్ణ వదులుతుందా? ఇల్లు వదలడం ఎప్పుడు విముక్తి, ఎప్పుడు శిక్ష? మీరూ నాతో కలిసి ఆలోచించండి.

ముందు ఆ బతుకు ఎలా ఉంటుందో చూద్దాం. వాళ్ళు ఎక్కువగా వాడేవి ఫోర్డ్ ట్రాన్సిట్, మెర్సిడెస్ స్ప్రింటర్ లాంటి ఎత్తయిన వ్యాన్లు. లోపల ఉండే జాగా సుమారు 70, 80 చదరపు అడుగులు. మన కాలనీ ఇళ్ళలో వంటగది అంత. పైకప్పు మీద సోలార్ పలకలు, మంచం కింద బ్యాటరీ, 80 నుంచి 100 లీటర్ల నీళ్ళ ట్యాంకు. అమెరికాలో మామూలు ఇంట్లో ఒక్క మనిషి రోజుకు సుమారు 300 లీటర్లు వాడతాడు. వ్యాన్‌లో మాత్రం ఇద్దరూ కలిసి 100 లీటర్లను నాలుగైదు రోజులకు సరిపెట్టుకోవాలి. గిన్నె కడిగేటప్పుడు కూడా లెక్కే. మబ్బు పడితే కరెంటుకూ లెక్కే.

ఈ లెక్కలో ధమ్మం లేదని నేను అనను. భిక్షువుకు ఎనిమిదే పరిష్కారాలు: మూడు చీవరాలు, భిక్షాపాత్ర, మంగలికత్తి, సూది, నడికట్టు, నీళ్ళు వడకట్టుకునే గుడ్డ. మనిషి బతకడానికి నిజంగా ఎంత కావాలో కొలిచి చూపిన జాబితా అది. కొత్త చీర కొనాలంటే పాత చీర తీసేయాల్సినంత చిన్న జాగాలో ఉన్నవాళ్ళకు "నాకిది అవసరమా?" అనే ప్రశ్న రోజూ ఎదురవుతుంది. మనకు ఎదురవుతోందా? మన బీరువా తలుపు తీసి చూసుకుందాం.

ఇంకో సంగతి నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ఆ వ్యాన్లలో చాలావాటికి మరుగుదొడ్డి అంటే ఒక చిన్న పెట్టె. రెండు మూడు రోజులకు నిండుతుంది. దాన్ని బయటికి లాగి, చేత్తో పట్టుకుపోయి, అందుకు కేటాయించిన చోట పారబోసి, కడిగి తెచ్చుకోవాలి. ఎవరి మలం వాళ్ళే మోసుకోవాలి. మిత్రులారా, ఈ మాట మామూలుగా చదివి దాటిపోకండి. తరతరాలుగా ఇతరుల మలాన్ని మన వాళ్ళ నెత్తిన పెట్టిన దేశం ఇది. 2013లో చట్టం చేసి నిషేధించాక కూడా మ్యాన్‌హోళ్ళలో దిగి చచ్చిపోతున్నది ఎవరో మీకు నేను చెప్పనక్కర్లేదు. మీట నొక్కితే ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయో అడగకుండా బతకడం ఒక సౌకర్యం. ఆ సౌకర్యం అడుగున ఒక మనిషి ఉన్నాడు. వ్యాన్‌లో ఉండే జంటకు ఆ మాట మర్చిపోయే వీలు లేదు. ఇల్లు వదిలి వాళ్ళు నేర్చుకున్న పాఠాల్లో నేను గౌరవించేది ఇదే.

ఇక కాపురం సంగతి. అలిగి పక్క గదిలోకి పోవడానికి అక్కడ పక్క గది లేదు. వానొస్తే ఇద్దరూ రోజంతా ఎదురెదురుగా కూర్చోవాల్సిందే. వంట ఎవరు చేశారు, పెట్టె ఎవరు కడిగారు, అన్నీ కళ్ళముందే. పెద్ద ఇంట్లో ఆడమనిషి చాకిరీ గోడల వెనక కనబడకుండా పోతుంది. ఇక్కడ దాచడానికి గోడ లేదు. కానీ కనబడినంత మాత్రాన పంపకం జరుగుతుందా? జరగదు. సిగాలోవాద సుత్తంలో భర్త భార్యను గౌరవించాలని, అవమానించకూడదని, ఇంటి పెత్తనం ఆమెకు అప్పగించాలని బుద్ధుడు చెప్పాడు. చక్రాల మీది ఇంట్లో పెత్తనం అంటే స్టీరింగ్. రేపు ఎటు పోవాలి, ఎక్కడ ఆగాలి, రాత్రి ఆ చోటు క్షేమమా కాదా అని నిర్ణయించేది ఒక్కరే అయితే, రెండోవాళ్ళు కాపురం చేస్తున్నట్టు కాదు, ప్రయాణికులుగా ఉన్నట్టు. మూడు గదుల ఇంట్లోనూ ఇదే కొలత.

ఇప్పుడు మా అమ్మ మాట దగ్గరికి వద్దాం. అమెరికాలో వ్యాన్లలో ఉండేవాళ్ళందరూ ఇష్టపడి వెళ్ళినవాళ్ళు కాదు. జెస్సికా బ్రూడర్ అనే విలేకరి 2017లో 'నోమాడ్‌ల్యాండ్' అనే పుస్తకం రాసింది. అద్దె కట్టలేక, పింఛను చాలక, ముసలితనంలో బండినే ఇల్లు చేసుకొని, గోదాముల్లోనూ పొలాల్లోనూ కూలికి తిరిగేవాళ్ళ కథ అది. దాని మీద తీసిన సినిమాకు 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. అదే వ్యాన్, అదే మంచం, అదే నీళ్ళ ట్యాంకు. ఒకరికి అది సెలవు, ఇంకొకరికి చివరి గతి. అక్కడి ప్రభుత్వ భూముల్లో చాలాచోట్ల 14 రోజులకు మించి ఒకేచోట ఉండనివ్వరు. బహిరంగ స్థలాల్లో పడుకున్నవాళ్ళకు ఊళ్ళు జరిమానా, జైలు వేసినా అది రాజ్యాంగ విరుద్ధమైన క్రూర శిక్ష కాదని 2024లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇంకో తమాషా చూడండి. ఇల్లు వదిలినవాళ్ళకు కూడా లైసెన్సుకు, బ్యాంకుకు ఒక అడ్రసు కావాలి. అందుకే ఉత్తరాలు అందుకునే అడ్రసును డబ్బిచ్చి పెట్టుకుంటారు. రేషన్ కార్డు కోసం మన గుడారాలవాళ్ళు తిరిగిన తిరుగుడు గుర్తొచ్చిందా?

బ్రిటన్‌లో ఇంకా స్పష్టంగా కనబడుతుంది. బండ్లలో తిరిగే రోమా జనం పూర్వీకులు సుమారు వెయ్యేళ్ళ క్రితం మన వాయవ్య భారతం నుంచే వెళ్ళారు. వాళ్ళ భాష హిందీకి, పంజాబీకి చుట్టం. 2022లో చేసిన చట్టం ప్రకారం, అనుమతి లేకుండా బండి పెట్టుకొని ఉంటూ నష్టమో ఇబ్బందో కలిగించారని, వెళ్ళమన్నా వెళ్ళలేదని తేలితే మూడు నెలల దాకా జైలు, పైగా బండి జప్తు. ఆ బండే వాళ్ళ ఇల్లు! చట్టంలో ఎవరి పేరూ లేదు. దెబ్బ మాత్రం తరాలుగా తిరిగే జాతుల మీదే ఎక్కువ పడుతుందని వాళ్ళు మొత్తుకున్నారు. మనకిది కొత్తా? 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టం తిరిగే బతుకునే నేరం చేసింది. మన ఎరుకల వాళ్ళను స్టూవర్టుపురంలో కాపలా మధ్య ఉంచింది. ఆ చట్టం 1952లో రద్దయింది. అనుమానం మాత్రం ఇంకా రద్దు కాలేదు.

విదేశాల్లో చదివి, ఉద్యోగం కోసం బరోడా వచ్చిన బాబాసాహెబ్‌కు ఊళ్ళో ఉండటానికి చోటు దొరకలేదు. పార్సీ సత్రంలో వేరే పేరుతో తలదాచుకుంటే, పదకొండో రోజు కర్రలు పట్టుకొని వచ్చి గెంటేశారు. రైలు వేళ దాకా తోటలో కూర్చున్నాడు. ఈ రోజుకూ అద్దె ఇంటి గడప ముందు "మీరేమిట్లు?" అనే ప్రశ్న మనల్ని ఆపుతూనే ఉంది. కాబట్టి ఇల్లు లేకపోవడాన్ని త్యాగమని మనకెవరైనా బోధిస్తే జాగ్రత్తపడాలి. చేతిలో లేనిదాన్ని ఎవరూ త్యాగం చేయలేరు.

మరి సిద్ధార్థుడు? నడిరాత్రి నిద్రపోతున్న భార్యాబిడ్డలను వదిలిపోయాడనే కథను బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. 'బుద్ధుడు – ఆయన ధమ్మం'లో ఆయన చెప్పింది వేరు. రోహిణీ నది నీళ్ళ కోసం శాక్యులు కోలియుల మీద యుద్ధానికి లేస్తే, సిద్ధార్థుడు వద్దన్నాడు. తనవాళ్ళ మీద పడబోయే శిక్షను తప్పించడానికి తానే దేశం వదులుతానన్నాడు. యశోధరతో మాట్లాడాడు. ఆమె కన్నీళ్ళతో కాదు, ధైర్యంతో ఒప్పుకుంది. అంటే ఆ గడప దాటడానికి ఒక కారణం ఉంది, ఆ కారణం తన సుఖం కాదు, ఆ నిర్ణయం ఒక్కడిది కాదు.

మా వాడికి నేను చెప్పింది ఇదే. వ్యాన్ కొన్నా, ఫ్లాట్ కొన్నా మూడు ప్రశ్నలు వేసుకో. ఎందుకోసం? ఆ అమ్మాయి మనస్ఫూర్తిగా ఒప్పుకుందా, లేక నీ ఇష్టానికి తలూపిందా? మీ చెత్త, మీ చాకిరీ ఎవరి నెత్తిన పడుతుంది? ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగితే నాలుగు గోడలైనా, నాలుగు చక్రాలైనా ఒకటే. చెప్పలేకపోతే ఎంత దూరం తిరిగినా తృష్ణ కూడా అదే బండెక్కి వస్తుంది.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ తీసి ఆ అమ్మాయికే చేశాడు. "నువ్వేమంటావు?" అని అడుగుతూ వాకిట్లోకి వెళ్ళాడు. మా అమ్మ చేట పక్కన పెట్టి, "ఆ మాట ముందే అడగాల్సింది" అంది.

మీ ఇంట్లో ఆ మాట అడిగి ఎన్నాళ్ళయింది?

నమో బుద్ధాయ! జై భీమ్!