ఆగ్రహం, నిగ్రహం, అనుగ్రహం: అల్లరి పిల్లల ఎదుట కౌన్సెలర్ ధర్మం

పదమూడేళ్ల బాలుడు కౌన్సెలర్ గదిలోకి వచ్చి కుర్చీని తన్నుతాడు. అడిగిన ప్రశ్నకు వెక్కిరింతగా బదులిస్తాడు. చివరకు ‘మీకేం తెలుసు సార్!’ అని ముఖం తిప్పుకుంటాడు. ఆ బాలుని ప్రవర్తనకు కారణాలు వెదకడం మనస్తత్వశాస్త్రం పని. ఆ క్షణంలో కౌన్సెలర్ మనస్సులో రేగిన కోపం మాట ఏమిటన్నది నీతికి సంబంధించిన ప్రశ్న. విద్యాహక్కు చట్టం (2009) 17వ సెక్షన్ పిల్లలపై శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. చట్టం చేతిని, నోటిని అదుపు చేయగలదు కాని అంతరంగాన్ని శాసించలేదు. కోపం రాకపోవడమే కౌన్సెలర్ ధర్మమా, లేక వచ్చిన కోపం పట్ల సక్రమంగా వ్యవహరించడం ధర్మమా అన్నది ఇక్కడ పరిశీలనాంశం.

తెలుగులో కోపానికి పర్యాయంగా వాడే ‘ఆగ్రహం’ సంస్కృతంలో ప్రధానంగా పట్టుదలను సూచిస్తుంది. ‘సత్యాగ్రహం’లో ఆ అర్థమే నిలిచి ఉంది. తెలుగులో వచ్చిన ఈ అర్థపరిణామం ఆలోచింపదగినది. ఎదుటివారు తాను కోరినట్లే నడవాలన్న పట్టు చెల్లనప్పుడు కోపం పుడుతుంది. కౌన్సెలర్‌కూ అలాంటి పట్టు ఉంటుంది. బాలుడు తన మాట వినాలి, మారాలి, ఆ మార్పు తన నేర్పుకు నిదర్శనం కావాలి. బాలుని ధిక్కారం తగిలేది ఈ పట్టుకే.

ఆలంకారికులు క్రోధాన్ని రౌద్రరసానికి స్థాయిభావంగా, అమర్షాన్ని ముప్పైమూడు వ్యభిచారిభావాలలో ఒకటిగా పరిగణించారు. అవమాన ధిక్కారాల వల్ల కలిగే అసహనం అమర్షం. అది లేచి అణిగిపోయేది. క్రోధం నిలిచేది, పైగా దానికి ఆలంబనం శత్రువు. ఈ విభాగం కావ్యనాటకాల కోసం ఏర్పడినదే అయినా కౌన్సెలర్ స్థితిని వివరించడానికి ఉపకరిస్తుంది. బాలుడు కుర్చీని తన్నినప్పుడు కలిగేది అమర్షం. అది కలిగినందుకు కౌన్సెలర్‌ను తప్పుపట్టలేం. మరుసటి వారం ఆ బాలుని పేరు వినగానే అతని ముఖం ముడుచుకుంటే, అమర్షం క్రోధంగా స్థిరపడిందని అర్థం. అప్పటికి బాలుడు సహాయం అవసరమైనవాడు కాక శత్రువైపోయాడు. అమర్షం క్రోధంగా మారే ఆ నడిమి వ్యవధిలోనే నైతిక బాధ్యత మొదలవుతుంది.

పోతన భాగవతం సప్తమస్కంధంలోని ప్రహ్లాదచరిత్ర ఈ పరిణామానికి మంచి దృష్టాంతం. ప్రహ్లాదుని మాటలు తొలిసారి విన్నప్పుడు హిరణ్యకశిపుడు నవ్వి, బాలుణ్ణి మళ్లీ గురువుల వద్దకే పంపుతాడు. గురువు మొదట బుజ్జగించి, ఈ బుద్ధి ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుతాడు. అనుకున్న సమాధానం రాకపోవడంతో కోపించి, ఇతడు రాజుకు కొడుకు కాడు శత్రువని, దండన లేనిదే దారికి రాడని తీర్మానిస్తాడు. అమర్షం క్రోధమైన క్షణంలోనే శిష్యుడు శత్రువుగా కనిపించడం గమనించదగినది. వ్యాసభాగవతం ఈ ఘట్టంలో గురువును కోపించినవాడంటూనే, దీనుడైన రాజసేవకుడని కూడా విశేషిస్తుంది. కోపం బాలునిపై చూపినా దాని వేరు రాజభయంలో ఉంది. ఆ భయం నిరాధారమూ కాదు. మరోసారి ప్రహ్లాదుడు తన నిష్ఠను ప్రకటించగానే హిరణ్యకశిపుడు ముందుగా గురువు మీదే విరుచుకుపడతాడు. ఫలితాలు చూపమనే యాజమాన్యానికీ, ఇంకా మారలేదేమని అడిగే తల్లిదండ్రులకూ మధ్య నలిగే నేటి కౌన్సెలర్ స్థితి దీనికి దూరమైనది కాదు. పైగా ఈ కథలో సత్యం బాలుని పక్షాన ఉంది. కోపించిన గురువుకు దానిని వినే అవకాశమే లేకపోయింది.

కోపాన్ని గుర్తించి కూడా బిడ్డను శత్రువుగా చేయకుండా ఉండడం సాధ్యమేనా? బ్రిటిష్ శిశువైద్యుడు, మనోవిశ్లేషకుడు డొనాల్డ్ విన్నికాట్ 1949లో ప్రచురించిన వ్యాసంలో తన అనుభవాన్ని చెప్పాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, ఇల్లు వదిలి పారిపోయే అలవాటున్న తొమ్మిదేళ్ల బాలుణ్ణి ఆయన దంపతులు మూడు నెలలు తమ ఇంట ఉంచుకున్నారు. బాలుడు హింసకు దిగినప్పుడల్లా విన్నికాట్ కొట్టకుండా, నిందించకుండా ఎత్తి తలుపు బయట నిలబెట్టేవాడు. జరిగినది తనలో ద్వేషం కలిగించిందని ప్రతిసారీ బాలునితో చెప్పేవాడు. బయట ఒక గంట ఉండేది. బాలుడు దానిని మోగిస్తే లోపలికి రానిచ్చేవారు, జరిగినదాని ప్రస్తావన ఉండేది కాదు. తన ద్వేషాన్ని తాను ఎరగకపోయి ఉంటే, దానిని బాలునికి తెలియనివ్వకపోయి ఉంటే, కొట్టవలసి వచ్చేదని ఆయన ఒప్పుకున్నాడు.

ఇక్కడ ఒక ఆక్షేపణ సహజం. ఆ మాటలు బాలుని ప్రగతికన్నా తాను ఆ స్థితిని భరించడానికే ఎక్కువ అవసరమయ్యాయని విన్నికాటే చెప్పాడు. పెద్దవాని ఉపశమనం కోసం చిన్నవాడు అంత మాట వినడం న్యాయమా? మాటను మాత్రమే విడదీసి చూస్తే న్యాయం కాదు. గంట లేని మాట గాయమే అవుతుంది. ఎప్పుడైనా తిరిగి రావచ్చన్న హామీ పక్కన ఉన్నందువల్లనే ఆ మాట బాలుణ్ణి వెలివేయలేదు. వారానికి ఒక్కసారి కలిసే కౌన్సెలర్ ఆ మాటను అనుకరించనక్కరలేదు. అతడు నేర్వవలసినవి తన కోపాన్ని తాను ఎరగడం, తలుపు మూసినా గంటను మిగల్చడం.

కోపాన్ని బయటపెట్టకపోవడం కపటమన్న వాదమూ ఉంది. లేదని బుకాయించడం కపటమే. ఉన్నదని ఎరిగి, దాని భారాన్ని బాలునిపై మోపకపోవడం నిగ్రహం. ఆ భారాన్ని దించుకోవలసిన చోటు అనుభవజ్ఞుడైన సహోద్యోగి ఎదుట. అక్కడ అడగవలసిన మొదటి ప్రశ్న ‘నా పట్టు ఏమిటి, నా భయం ఎవరిని గురించి?’ అన్నది. చికిత్సకునిలో కలిగే ఇటువంటి ప్రతిస్పందనను 1910లో ఫ్రాయిడ్ అధిగమించవలసిన అవరోధంగా చూశాడు. 1950లో పౌలా హైమన్ దానినే రోగి మనస్సును తెలుసుకునే సాధనంగా నిరూపించే ప్రయత్నం చేసింది. కౌన్సెలర్‌లో రేగిన నిస్సహాయత, ఆ బాలుడు ఇంట రోజూ అనుభవించే నిస్సహాయతకు ఆనవాలు కావచ్చు. అలాగని ప్రతి కోపాన్నీ బాలుని ఖాతాలో వేయడం చండామార్కుల పొరపాటునే మళ్లీ చేయడమవుతుంది. అందుకే ఆత్మపరీక్ష ముందు, అన్వయం తరువాత.

నిగ్రహం హద్దులు చెరిపివేయదు. కుర్చీని తన్నకూడదని స్పష్టంగా చెప్పడం, అవసరమైతే ఆనాటి సమావేశం అంతటితో ముగించడం దానిలో భాగాలే. వచ్చే వారం అదే సమయానికి అదే కుర్చీ సిద్ధంగా ఉంటుందని చెప్పడం కూడా అంతే ముఖ్యం. ‘అను’ అన్న ఉపసర్గకు ‘వెంట’ అని అర్థం. తన పట్టును సడలించి బిడ్డ వెంట నడిచి గ్రహించడమే ఈ సందర్భంలో అనుగ్రహం. కోపమే ఎరుగనివాడికన్నా, తన కోపాన్ని ఎరిగి గంటను తీసివేయనివాడే ఆ పనికి అర్హుడు.