తెర చెప్పే పాఠానికి జవాబుదారీ ఎవరు?

నేడు బి.ఎడ్. చదివే మన యువతీయువకులు ప్రొజెక్టరుతో, వీడియోలతో బోధించడం నేర్చుకుంటున్నారు. కేంద్రప్రభుత్వం 2017లో ఉపాధ్యాయుల కోసం ‘దీక్షా’ వేదికను కూడా ప్రారంభించింది. సంతోషమే. దివ్యఖుర్ఆన్‌లో మొట్టమొదట అవతరించిన వాక్యాలలోనే (96వ సూరా) కలం ప్రస్తావన ఉంది. కలం కూడా ఒక సాధనమే కదా! కనుక సాధనాన్ని నిరసించడం విశ్వాసికి తగదు.

అయితే వీడియో పాఠం అర్థంకాని పిల్లవాడికి జవాబుదారీ ఎవరు?

హజ్రత్ ఉస్మాన్ (రజి) ఖుర్ఆన్ ప్రతులను ముఖ్య నగరాలకు పంపినప్పుడు, వాటివెంట నేర్పే ఖారీలను కూడా పంపారని ఇస్లామీయ చరిత్ర చెబుతోంది. గ్రంథంలో ఏ లోపమూ లేదు. కాని చదివేవాడి తప్పును విని, ఓర్పుతో దిద్దే మనిషి కావాలి.

తెర విషయమూ అంతే. అది చూపించగలదు గాని, వెనుక బెంచీలో తలదించుకున్న బిడ్డను గమనించజాలదు. ఆ బిడ్డ ఉపాధ్యాయుని వద్ద అల్లాహ్ ఉంచిన అమానతు. ప్రళయదినాన ప్రశ్న యంత్రానికి కాదు, అతనికే ఎదురవుతుంది.

కాబట్టి కాబోయే ఉపాధ్యాయులకు మీట నొక్కడమే కాదు, దాన్ని ఎప్పుడు ఆపి పిల్లవాని పక్కన కూర్చోవాలో కూడా నేర్పాలి. అల్లాహ్ మన గురువులకు ఆ వివేకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.