ఎండ తరగదు, మరి కూలి?

సైన్సు పుస్తకంలో శక్తి వనరులకు రెండు వరుసల పట్టిక ఉంటుంది. బొగ్గు, పెట్రోలు, సహజవాయువు తరిగిపోయేవి. ఎండ, గాలి, పారే నీళ్లు పునరుత్పాదకాలు. పరీక్షకు అది చాలు. ఆ పట్టిక అడిగేది ఒక్కటే: ఇది అయిపోతుందా, అయిపోదా? మా పావగడ తాలూకాలో ఉన్నవాళ్లకు ఇంకో ప్రశ్న కూడా ఎదురుగా కనిపిస్తోంది. ఎండ అయిపోదు సరే, దాంతో వచ్చే డబ్బులో ఎవరికి ఎంత భాగం?

బొగ్గులో తప్పు ఎక్కడుందో చెప్పడం సులభం. కోట్ల ఏళ్ల కింద పూడిపోయిన చెట్లే బొగ్గయ్యాయి. సింగరేణి నుంచి రైల్లో రాయచూరు థర్మల్ కేంద్రానికి వచ్చి కాలిపోయిన బొగ్గు మన మనవళ్లకు మిగలదు, పొగ మాత్రం మిగులుతుంది. అంటే ఇంకా పుట్టనివాళ్ల సొత్తు మనం వాడేస్తున్నాం. ఎండ అట్లా కాదు. ఈరోజు ఎంత పట్టుకున్నా రేపటి ఎండ తగ్గదు. అందుకే సోలారే మంచిదని నేనూ ఒప్పుకుంటాను.

అయితే ఎండ పట్టడానికి నేల కావాలి. పావగడ సోలార్ పార్కు 5 ఊళ్లలో సుమారు 13,000 ఎకరాల్లో ఉంది. సామర్థ్యం 2,050 మెగావాట్లు. ఇక్కడ భూమి కొనలేదు, 28 ఏళ్లకు గుత్తకు తీసుకున్నారు. మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. చెనిక్కాయలు విత్తి ఆకాశం వైపు చూసే రైతుకు ఇది చిన్న మాట కాదు. భూమి రైతు పేరు మీదే ఉంటుంది. ఆనకట్టల కింద ఊళ్లే మునిగిపోయిన చోట్లతో పోలిస్తే ఇది ఎంతో మేలు.

మరి భూమి లేనివాళ్లు? కలుపు తీయడానికి, చెనిక్కాయ పీకడానికి కూలికి పోయే ఆడవాళ్లు, బీళ్లలో గొర్రెలు మేపుకునేవాళ్లు? పహణీలో పేరు లేదు కాబట్టి గుత్త డబ్బు వాళ్లకు రాదు. కంచె లోపల ప్యానెళ్లు కడగడం, గడ్డి కోయడం, కాపలా లాంటి పనులు ఉన్నాయి గానీ అందరికీ సరిపోవు.

క్లాసులో దీని మీద వాదన జరిగింది. "వాళ్లది ఏదీ తీసుకోలేదు కదా, అన్యాయం ఎట్లా అవుతుంది?" అని ఒక స్నేహితుడు అడిగాడు. గట్టి ప్రశ్నే. నేను చెప్పింది ఇది: కాగితం ఉంటేనే హక్కు అయితే, పుట్టని పిల్లలకు బొగ్గు మీద ఏ కాగితం ఉంది? అయినా వాళ్ల కోసం బాధపడతాం, సైన్సు దినానికి పోస్టర్లు గీస్తాం. పత్రం లేని రేపటి మనవడికి హక్కు ఉందంటే, ఇన్నేళ్లు ఆ చేలల్లో వంగి పని చేసిన కూలి అవ్వకు ఎందుకు లేదు? ఆమె కళ్లెదుటే ఉంది కదా.

అమ్మే ప్రతి యూనిట్ మీద కొన్ని పైసలు ఆ ఊళ్లలోని భూమి లేని కుటుంబాలకు పోవాలని నా అభిప్రాయం. ప్యానెళ్ల మధ్య గొర్రెలను మేయనిస్తే గడ్డి కోత ఖర్చూ తగ్గుతుంది. "అట్లయితే కరెంటు ధర పెరుగుతుంది" అన్నాడు స్నేహితుడు. పెరగొచ్చు. మా ఇంటి బిల్లులో కూడా ఆ పైసలు కడితే తప్పేమీ లేదనే అనుకుంటున్నాను.