చలికాలపు మల్లె నేర్పే పాఠం

చలికాలంలో మన పెరళ్లలో బంతి, చామంతి విరగబూస్తాయి. వాటి పక్కనే ఉన్న మల్లెపొద మాత్రం ఆకులు పసుపెక్కి, పువ్వన్నదే లేకుండా నిలబడుతుంది. ‘ఇది ఇక చచ్చినట్లే’ అని కొందరు దాన్ని పీకి పారేస్తారు. మరికొందరు ఎలాగైనా పూయించాలన్న ఆత్రంతో రెండు పూటలా బిందెలకొద్దీ నీళ్లు పోస్తారు. చలికి పాదులోని తడి త్వరగా ఆరదు. నీరు నిలిచి వేళ్లు కుళ్లిపోతాయి.

తెలిసిన తోటమాలి ఈ రెండూ చేయడు. మల్లెకు ఇది విశ్రాంతి కాలమని అతనికి తెలుసు. నీరు తగ్గిస్తాడు. ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తాడు. ఆ తర్వాత పాదు తవ్వి, పశువుల ఎరువు వేసి, మళ్లీ తడి పెడతాడు. వేసవి మొదలయ్యేసరికి ఆ మోడు నిండా మొగ్గలే!

ముస్లిం నాటిన చెట్టు నుండి మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా అతనికి అది సదఖా అవుతుందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు (బుఖారీ, ముస్లిం). ప్రళయం ముంచుకొచ్చిన క్షణంలో సైతం చేతిలో మొక్క ఉంటే, వీలైతే దాన్ని నాటమన్నారు (ముస్నద్ అహ్మద్). ఆ మొక్క ఫలాలను నాటినవాడు చూడబోడు. అయినా నాటడం అతని బాధ్యత. మరి మొలకెత్తించేది ఎవరు? మీరు వేసే విత్తనాన్ని పండించేది మీరా, మేమా అని అల్లాహ్ ‘వాఖిఆ’ సూరాలో (63, 64) మనల్ని నిలదీస్తున్నాడు.

సోదర సోదరీమణులారా! మన ఇళ్లలోనూ ఇలాంటి మొక్కలున్నాయి. నిన్నటిదాకా మస్జిదుకు వచ్చిన కొడుకు నేడు అజాన్ విన్నా కదలడు. ఒక తండ్రి ‘వీడు బాగుపడడు’ అని మాటలు మానేస్తాడు. మరో తండ్రి అన్నం ముందు, అతిథుల ముందు కూడా ఉపదేశాలు కుమ్మరిస్తూనే ఉంటాడు. మొదటివాడు మొక్కను పీకేస్తున్నాడు, రెండోవాడు వేళ్లు కుళ్లబెడుతున్నాడు.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (ర) గురువారాల్లో మాత్రమే హితబోధ చేసేవారు. రోజూ చెప్పమని ఒకరు కోరితే ఒప్పుకోలేదు. సహచరులకు విసుగు కలగరాదని దైవప్రవక్త (స) కూడా సమయం చూసి బోధించేవారని గుర్తు చేశారు (బుఖారీ). వారికన్నా మనకు ఎక్కువ తెలుసా?

అలాగని ఊరుకోమని కాదు. నీరు తగ్గించిన తోటమాలి తోటను వదిలిపెట్టడు. రోజూ మట్టి తడిమి చూస్తాడు. ఇంటివారిని నమాజుకు ఆదేశించమని, మనం కూడా దానిపై స్థిరంగా ఉండమని ఖుర్ఆన్ ఆజ్ఞ (తాహా: 132). కాబట్టి ముందు మన నమాజు సరిగా ఉండాలి. ఆ తర్వాత వేళ చూసి ఒక మంచి మాట, ఎప్పటిలాగే ప్రేమ, రాత్రి వేళ దుఆ. మనసులను మార్చేవాడు అల్లాహ్ మాత్రమే.

చచ్చిన నేలను బ్రతికించే ఓ ప్రభూ! మా సంతానం హృదయాలను నీ విశ్వాసంతో చిగురింపజెయ్యి. అందాకా వారిని ఓర్పుతో కనిపెట్టుకుని ఉండే భాగ్యం మాకు ప్రసాదించు. ఆమీన్!